పద్నాలుగు మ్యాచ్‌ల లెక్క

2025 ఏప్రిల్ 18 నాటికి నిజాంపట్నం రేవులో మరపడవలు ఒడ్డున కట్టేసి నాలుగో రోజు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టి పిల్లలు చేసే కాలం కనక ఆ కట్టడి. సరిగ్గా ఆ రోజే పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి స్టేడియంలో ఈస్ట్ బెంగాల్ అమ్మాయిల జట్టు ఒడిశా ఎఫ్‌సీని 1–0 తేడాతో ఓడించి, మొట్టమొదటిసారి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలుచుకుంది. ఆ ఒక్క గోలూ కొట్టింది గుగులోత్ సౌమ్య. తెలుగు అమ్మాయి, నిజామాబాద్ జిల్లా.

ఆ సీజన్‌లో సౌమ్య 9 గోల్స్ చేసింది. భారతీయ క్రీడాకారిణుల్లో అంతకు మించి చేసినవారు లేరు. కొద్ది రోజులకే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2024–25కి ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఆమెనే ఎంపిక చేసింది. తెలుగునాట ఆటలను ప్రేమించే ఎవరికైనా ఇది గర్వించవలసిన విషయమే. నాకూ అంతే. అయితే గర్వపడటం వేరు, దాన్ని ఆధారంగా చూపి ఏదో ఒకటి రుజువైందనడం వేరు. ఒక తెలుగు అమ్మాయి దేశపు పెద్ద లీగ్‌ను గెలిపించింది కాబట్టి తెలుగునాట ఆడపిల్లల ఫుట్‌బాల్ ఎదుగుతోందని అనవచ్చా? రేపల్లె దాటి ఇరవై కిలోమీటర్లు వెళ్తే వచ్చే నిజాంపట్నంలో, హైస్కూలు చదివే ఒక మత్స్యకార కుటుంబపు పిల్లకు ఆ గోలు వల్ల దారేమైనా దగ్గరపడిందా? ఈ రెండు ప్రశ్నలకూ ఆ సీజన్ ఏం చెబుతుందో, ఎంతవరకు చెబుతుందో చూడటమే ఈ వ్యాసం పని.

ముందు లీగ్ సంగతి. దీని పుట్టుక 2017 జనవరి చివర్లో, ఢిల్లీలో. ఆరు జట్లు, ఒకే ఊరు, మూడు వారాలైనా నిండని పోటీ. మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ ఫైనల్లో కటక్ వారి రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్‌ను 3–0తో ఓడించింది. మరుసటి ఏడు అదే రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్ గెలిచింది. ఆ తర్వాత 2018–19లో తమిళనాడు వారి సేతు ఎఫ్‌సీ, 2019–20లో గోకులం కేరళ. కోవిడ్ వల్ల ఒక సీజన్ జరగలేదు. 2021–22లోనూ, 2022–23లోనూ మళ్లీ గోకులమే. 2023–24లో ఒడిశా ఎఫ్‌సీ, 2024–25లో ఈస్ట్ బెంగాల్.

గెలిచినవారి పేర్లు వరసగా రాసుకుంటే అది చరిత్ర అవుతుంది కానీ ఎదుగుదలకు కొలత కాదు. నా దృష్టిలో సరైన కొలత ఒకటే: ఓడినా గెలిచినా ఒక జట్టుకు ఖాయంగా దక్కే మ్యాచ్‌లు ఎన్ని? మొదటి సీజన్‌లో లీగ్ దశలో అవి 5. 2021–22లో పన్నెండు జట్లు భువనేశ్వర్‌లో ఒక్కసారి తలపడ్డాయి కనక 11. 2022–23లో అహ్మదాబాద్‌లో పదహారు జట్లను రెండు గుంపులు చేశారు, దాంతో 7కి పడిపోయింది. 2023–24లో మొదటిసారి సొంత ఊళ్లో ఒకటి, ఎదుటివాళ్ల ఊళ్లో ఒకటి పద్ధతి వచ్చింది. ఏడు జట్లు, ఒక్కోదానికి 12. 2024–25లో ఎనిమిది జట్లు, ఒక్కోదానికి 14, మొత్తం 56 మ్యాచ్‌లు.

ఈ అంకెల్లో రెండు సంగతులు కనిపిస్తాయి. జట్ల సంఖ్య పెరిగినప్పుడల్లా ఆట పెరగలేదు. పదహారు జట్లున్న ఏడాది కంటే ఏడు జట్లున్న ఏడాదే ఒక్కో అమ్మాయికి ఎక్కువ మ్యాచ్‌లు దక్కే వీలు కలిగింది. రెండోది, మ్యాచ్‌ల మధ్య విరామం. 2022 ఏప్రిల్ 15న మొదలైన సీజన్ మే 26న ముగిసింది. 42 రోజుల్లో పదకొండు మ్యాచ్‌లంటే సగటున నాలుగు రోజులకొకటి, అదీ భువనేశ్వర్ వేసవిలో. ఆ సీజన్‌లో గోకులం పదకొండుకు పదకొండూ గెలిచి 66 గోల్స్ చేసింది. మ్యాచ్‌కు ఆరు. వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ గెలిచిన జట్టు మ్యాచ్‌కు ఆరు గోల్స్ చేసిందంటే ఎదుటి జట్లలో చాలావాటికి ఆ స్థాయి పోటీ అలవాటే లేదన్నమాట. కింది మెట్లు సరిగా లేని మేడలో పై అంతస్తు ఒక్కటే మెరుస్తున్నట్టు. ఇంగ్లండ్ పెద్ద లీగ్‌లో 2024–25లో పన్నెండు జట్లు, ఒక్కోదానికి 22 మ్యాచ్‌లు. మన 14ను దాని పక్కన పెట్టి చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ఎనిమిదేళ్లలో 5 నుంచి 14కి రావడం నిజమైన పెరుగుదలే.

ఇక ఆ ఎనిమిది జట్లూ ఎక్కడివి? ఈస్ట్ బెంగాల్, శ్రీభూమి కోల్‌కతావి. ఒడిశా ఎఫ్‌సీ, నీతా ఫుట్‌బాల్ అకాడమీ ఒడిశావి. గోకులం కేరళది, కిక్‌స్టార్ట్ బెంగళూరుది, సేతు తమిళనాడుది, హాప్స్ ఢిల్లీది. పటం ముందు పెట్టుకుంటే మనకు ఉత్తరాన ఒడిశా, దక్షిణాన తమిళనాడు, పడమట కర్ణాటక, మూడింటికీ పెద్ద లీగ్‌లో చోటుంది. నడుమ ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్క క్లబ్బూ లేదు. 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు కూడా ఈ ఎనిమిదింటిలో లేదు. చెన్నై–హౌరా రైలు మార్గం మీద బాపట్ల, తెనాలి ఉన్నాయి, భువనేశ్వర్, కటక్ ఉన్నాయి, చివరన కోల్‌కతా ఉంది. ఒకే పట్టాల మీద ఒక కొసన లీగ్ ఆడుతున్న ఊళ్లు, ఇంకో వైపు ఆడని ఊళ్లు. ఈ తేడాకు దూరం కారణం కాదని మాత్రం పటం తేల్చి చెబుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. క్లబ్బు లేదంటే ఆడేవాళ్లు లేరని అర్థం తీయకూడదు. దీనికి మణిపూర్‌ను మించిన ఉదాహరణ లేదు. దేశ మహిళా ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు లాంటి రాష్ట్రమది. పద్మశ్రీ అందుకున్న ఓయినం బెంబెం దేవి అక్కడి మనిషి. మొదటి లీగ్ గెలిచిందీ అక్కడి క్లబ్బే. అయినా 2024–25 ఎనిమిది జట్లలో మణిపూర్ క్లబ్ ఒక్కటీ లేదు. అమ్మాయిలు మాత్రం ఉన్నారు. ఛాంపియన్ ఈస్ట్ బెంగాల్‌కు గోలు కాపాడిన పంథోయ్ చాను, రక్షణ వరసను నడిపిన స్వీటీ దేవి ఇద్దరూ మణిపూర్ వాళ్లే. ఆటగాళ్లు ఒకచోట తయారవుతారు, డబ్బున్న క్లబ్బు ఇంకోచోట ఉంటుంది. పట్టికలో మనకు కనబడేది రెండోది మాత్రమే.

ఇంకో జాగ్రత్త ఒడిశా ఎఫ్‌సీ నేర్పుతుంది. 2023–24లో విజేత. మరుసటి సీజన్‌లోనే అట్టడుగు రెండు స్థానాల్లో ఒకటిగా మిగిలి రెండో శ్రేణికి జారింది. కోచ్ ఆంథోనీ ఆండ్రూస్ కథ దీనికి తిరగేసినట్టుంటుంది. గోకులంతో రెండుసార్లు కప్పు గెలిచిన ఆయన ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి మూడోసారీ గెలిచాడు. అంటే ఒక కోచ్, కొందరు ఆటగాళ్లు క్లబ్బు మారితే పట్టిక తలకిందులవుతుంది. అలాంటి పట్టిక నుంచి ఒక రాష్ట్రపు బలాన్ని తూచబోతే తక్కెడే మోసం చేస్తుంది. ఒడిశా బలం ఆ క్లబ్బు స్థానంలో లేదు. క్లబ్బు జారిన ఏడాది కూడా ఇంకో ఒడిశా జట్టు పైశ్రేణిలో నిలబడటంలో ఉంది. 2018లో ఒక క్లబ్బు, 2024లో ఇంకో క్లబ్బు, 2025లో నిలిచింది మూడోది. పేర్లు మారాయి, పునాది ఉంది.

ఇప్పుడు సౌమ్య దగ్గరకు వద్దాం. గోకులం కేరళకు ఆడుతుండగా 2022లో ఆమెనూ, మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌నూ క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ తీసుకుంది. కోల్‌కతాలో జరిగిన ఎంపికలు దానికి దారి. తిరిగి వచ్చి మళ్లీ గోకులం, ఆ పైన ఈస్ట్ బెంగాల్. ఈ మజిలీలన్నీ వరసగా చదవండి. కేరళ, క్రొయేషియా, బెంగాల్. ఆమె పెద్ద లీగ్ జీవితంలో తెలుగు క్లబ్ అనే మజిలీ లేదు. నిజామాబాద్‌లో పడ్డ పునాదిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఒక జిల్లాలో పిల్లను గుర్తించి, నేర్పి, పంపిన చేతులు లేకపోతే ఈ కథే లేదు. కానీ ఆధారాల పరంగా చూస్తే ఒక అమ్మాయి గెలుపు రుజువు చేసేది ఒక్కటే: ఇది సాధ్యం. ఎందరికి సాధ్యం, ఏ ఊరివాళ్లకు సాధ్యం అన్న ప్రశ్నలకు ఆ గోలు జవాబు చెప్పదు. చెప్పాలని ఆమె భుజాల మీద బరువు పెట్టడం కూడా న్యాయం కాదు.

ఆమె జట్టు మాత్రం అక్కడితో ఆగలేదు. 2025 ఆగస్టులో ఆసియా మహిళా ఛాంపియన్స్ లీగ్ ప్రాథమిక దశలో కంబోడియా జట్టు నామ్ పెన్ క్రౌన్‌ను 1–0తో ఓడించి, హాంకాంగ్ జట్టు కిట్చీతో 1–1గా నిలిచి ముందుకెళ్లింది. అంతకు నెల ముందు, జులై 5న, భారత జట్టు చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌ను 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌లో చోటు సంపాదించింది. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. అర్హత పోటీలు ఆడి గెలిచి అక్కడికి చేరడం మన అమ్మాయిలకు అదే మొదటిసారి.

పైన ఇంత జరుగుతున్నా మన తీరం ఆ పట్టికల్లో లేదు. కానీ ఆడకపోవడం, ఆడలేకపోవడం ఒకటి కాదని ప్రపంచ చరిత్రలో ఒక పెద్ద సాక్ష్యం ఉంది. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లో జరిగిన ఆడవాళ్ల మ్యాచ్‌కు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన సభ్య మైదానాల్లో స్త్రీలు ఆడరాదని కట్టడి చేసింది. దాన్ని ఎత్తివేసే సరికి దాదాపు అర్ధ శతాబ్దం గడిచింది. ఆ యాభై ఏళ్ల పట్టికలు చూసి ఇంగ్లీషు స్త్రీలకు ఫుట్‌బాల్ రాదని ఎవరైనా రాస్తే అదెంత తప్పో ఇప్పుడు చెప్పనక్కరలేదు. నిజాంపట్నం తీరం గురించి కూడా ఆ తప్పు చేయవద్దు. ఇక్కడ ఎవరూ నిషేధం పెట్టలేదు. ఆట పెట్టలేదు, అంతే.

పెట్టకపోవడానికి చరిత్ర కారణం కొంత ఉంది. 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ ఓడ ఈ రేవుకు వచ్చారు. అప్పట్లో వాళ్ల నోట దీని పేరు పెట్టపోలి. ఓడలు ఇంత ముందుగా వచ్చినా ఫుట్‌బాల్ మాత్రం తెలుగునాట హైదరాబాద్, సికింద్రాబాద్‌ల పోలీసు, పల్టను మైదానాల్లో వేళ్లూనింది. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు, 1951లోనూ 1962లోనూ భారత్‌కు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆ నేల మనుషులు. అదంతా మగవాళ్ల ఆట, నగరం ఆట. డెల్టా పల్లెల్లో స్కూలు మైదానం అంటే కబడ్డీ కోర్టు, వాలీబాల్ నెట్టు. సీమలో అనంతపురం ఇందుకు మినహాయింపు. గ్రామీణాభివృద్ధి ట్రస్టు వారి క్రీడా అకాడమీ అక్కడ ఆడపిల్లల చేత కూడా ఫుట్‌బాల్ ఆడిస్తూ వచ్చింది. వాన కూడా కరువైన చోట ఆట మొలిచినప్పుడు నీళ్లున్న డెల్టాలో మొలవదని అనలేం.

డబ్బు సంగతి మాట్లాడకుండా మత్స్యకార కుటుంబానికి ఆట గురించి చెప్పడం మర్యాద కాదు. వేట లేని ఆ రెండు నెలలకూ రాష్ట్ర ప్రభుత్వం 2025లో ఒక్కో కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చింది. 2023లో ఫుట్‌బాల్ సమాఖ్య మహిళా లీగ్ పైశ్రేణి క్లబ్బులు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి కనీసం 3.2 లక్షల రూపాయల ఒప్పందం ఇవ్వాలని ప్రకటించింది. నెలకు చూస్తే 26,600 పైచిలుకు. పడవ మీద కూలి ఆగిపోయిన ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అయితే ఎనిమిది క్లబ్బులకు పదేసి చొప్పున దేశం మొత్తం మీద ఆ హామీ కిందికి వచ్చేది ఎనభై మందే. ఎనభై చోట్ల కోసం ఒక పిల్ల చదువును పణంగా పెట్టమని ఏ తల్లికీ చెప్పలేం, చెప్పకూడదు. కాబట్టి ఈ తీరంలో ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు వాదన జీతం మీద నిలబడదు. ఆట ఆడే హక్కు మీదే నిలబడాలి. జీతం వస్తే అది పై మాట.

అలా చూసినప్పుడు మ్యాచ్‌ల లెక్క మళ్లీ ముందుకొస్తుంది. స్కూలు పిల్లల పోటీలు ఎక్కువగా నాకౌట్ పద్ధతిలో సాగుతాయి. ఎనిమిది స్కూళ్లు వచ్చాయనుకుందాం. మొత్తం 7 మ్యాచ్‌లు. నాలుగు స్కూళ్ల పిల్లలు ఒక్క ఆట ఆడి తిరుగు బస్సు ఎక్కుతారు. నెల రోజులు సాధన చేసిన పిల్లకు ఏడాది మొత్తానికి దక్కింది ఆ ఒక్క ఆట. అదే ఎనిమిది స్కూళ్లు లీగ్ పద్ధతిలో ఒక్కసారి తలపడితే 28 మ్యాచ్‌లు, ఒక్కో జట్టుకు 7. మొదటి ఆటలో అయిదు గోల్స్ తిన్న గోల్‌కీపర్‌కు సరిదిద్దుకోవడానికి ఇంకా ఆరు ఆటలుంటాయి. ఎవరిలో ఏముందో అప్పటికి గానీ తెలియదు. ఒక్క ఓటమితో ఇంటికి పంపే పద్ధతిలో తెలిసేది ఏ స్కూలు ముందుగా మొదలుపెట్టిందన్నది మాత్రమే.

లోటు పిల్లల్లో కాదు, వాళ్లకు దక్కే ఆటల్లో ఉందన్నది నా అనుమానం. దాన్ని క్రికెట్ కొంత బలపరుస్తుంది. 2025 నవంబర్ 2న ప్రపంచకప్ గెలిచిన భారత మహిళా జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆమె ఆంధ్ర జట్టుకు ఆడుతూ పైకి వచ్చింది. అంటే సొంత రాష్ట్రంలోనే ఎక్కడానికి ఒక మెట్టు ఉంది. సౌమ్యకు పెద్ద లీగ్ మెట్టు సొంత రాష్ట్రం బయటే దొరికింది. ఇద్దరి కథలతో సూత్రం కట్టలేం, నిజమే. ప్రతిభలో లోటు లేదనీ, నడుమ మెట్టులోనే తేడా అనీ అనుకోవడానికి మాత్రం ఇవి చాలు. ఖేలో ఇండియా పేరుతో వివిధ రాష్ట్రాల్లో చిన్నపిల్లల కోసం అస్మిత లీగ్‌లు పెడుతున్నారు. అటువంటివి జిల్లా కేంద్రాల దగ్గర ఆగకుండా మండలాల దాకా రావడం ఇప్పుడు కావలసింది.

రేపల్లె, నిజాంపట్నం, నగరం, చెరుకుపల్లి. పక్కపక్కనే ఉన్న నాలుగు మండలాలు. ఒక్కో మండలం నుంచి ఒక్క ఆడపిల్లల జట్టు చాలు. సొంత ఊళ్లో ఒకటి, ఎదుటి ఊళ్లో ఒకటి పద్ధతిలో 12 మ్యాచ్‌లు, ఒక్కో జట్టుకు 6. పదకొండు మంది దొరక్కపోతే ఏడుగురితో ఆడవచ్చు, మైదానం చిన్నదైనా సరిపోతుంది. బస్సు దూరం గంట లోపే కనక ఆట అయ్యాక పిల్లలు దీపాల వేళకు ఇల్లు చేరతారు. ఇది చిన్న సంగతి కాదు. ఆడపిల్లను మైదానానికి పంపాలా వద్దా అని ఇంట్లో తేల్చేది చాలాసార్లు తిరిగొచ్చే వేళే. ఎప్పుడు పెట్టాలన్నదీ ఆలోచించాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ తీరానికి తుఫాన్ల భయం. 1977 నవంబర్ ఉప్పెనను మరవని నేల ఇది. మార్చిలో పరీక్షలు. వేసవిలో శిక్షణ శిబిరాలు పెడతారు గానీ ఆ ఎండలో, అదీ ఇంట్లో వేట ఆగిన నెలల్లో, తల్లిదండ్రుల మనసు ఆట మీద ఉండదు. సంక్రాంతి వెళ్లాక ఆరు శనివారాలు నాకు సబబుగా తోస్తుంది. 2024–25 జాతీయ సీజన్ మొదలైందీ జనవరి 10నే.

పెట్టాక ఏం రాసుకోవాలన్నది అంతకంటే ముఖ్యం. గెలుపోటముల కంటే ముందు హాజరు రాయాలి. ఏ అమ్మాయి ఎన్ని ఆటలు ఆడింది, ఎన్ని నిమిషాలు మైదానంలో ఉంది, ఎవరు మానేశారు, ఏ తరగతిలో మానేశారు, ఎందుకు మానేశారు. బూట్లు లేకా, పెద్దమనిషి అయ్యాక ఇంట్లో వద్దన్నారా, రొయ్యల పనికి వెళ్లవలసి వచ్చిందా, పీఈటీ బదిలీ అయ్యారా. ఈ కారణాలు ఒక నోటుబుక్కులో మూడేళ్లు రాస్తే, ఈ తీరం గురించి ఇప్పటిదాకా ఊహల మీద నడిచిన మాటలకు మొదటిసారి కాళ్లు వస్తాయి. నా అనుమానం తప్పని ఆ నోటుబుక్కే తేల్చవచ్చు. మ్యాచ్‌లు పెంచినా పిల్లలు నిలవకపోతే అడ్డంకి ఇంకెక్కడో ఉందన్నమాట. అప్పుడు వెతకవలసిన చోటు మారుతుంది.

ఏడో తరగతిలో ఆట మొదలుపెట్టిన పిల్ల పదో తరగతి పూర్తి చేసేసరికి ఏటా ఒక నాకౌట్ చొప్పున, మొదటి ఆటే ఓడుతూ వస్తే, ఆడినవి నాలుగు మ్యాచ్‌లు. నాలుగు మండలాల లీగ్ ఉంటే ఇరవై నాలుగు. ఆ ఇరవై నాలుగులో సగం ఆమె సొంత ఊళ్లోనే, వాళ్లమ్మ గట్టు మీద నిలబడి చూస్తుండగా.